ఒంటిచేతి గుండీ

వీధిలో అందరూ ఆయన్ని గుండీలాయన అంటారు. ఆ మాట వింటే ఆయనకు ఒళ్లు మండుతుంది. గుండీ వేరు, కఫ్ లింకు వేరు. గుండీని చొక్కాకు కుట్టేస్తారు, అది అక్కడే పడి ఉంటుంది. కఫ్ లింకు దేనికీ కుట్టిన వస్తువు కాదు, పెట్టుకున్నంతసేపే చొక్కాతో దాని చుట్టరికం. ఈ తేడా ఒకసారి కూరగాయల కొట్టు దగ్గర వివరంగా చెప్పాడు. కొట్టువాడు అంతా శ్రద్ధగా విని, సంచీ అందిస్తూ "సరే గుండీలాయనా" అన్నాడు. అప్పట్నుంచీ వివరించడం మానేశాడు గానీ కోపం మానలేదు.

ఇంటి ముందు గదే ఆయన కార్ఖానా. కిటికీ కింద పొడవాటి బల్ల, ముక్కను కదలకుండా పట్టి ఉంచేందుకు బల్లకు బిగించిన వైసు, వరసగా ఆకురాళ్లు, ఓ మూల మెరుగు పెట్టే చక్రం. రాళ్లు పొదిగిన తళుకుబెళుకు సరుకు ఆయన ముట్టుకోడు. ఇత్తడి, స్టీలు, ఎప్పుడైనా వెండి. నున్నటి ముఖం, దాని వెనక సన్నటి కాడ, కాడ చివర చిన్న కీలు మీద తిరిగే అడ్డపుల్ల. చొక్కా చేతిపట్టీని మడిచి, నాలుగు కాజాలనూ ఒకే వరసలోకి తెచ్చి, కాడను దూర్చి, అవతల పుల్లను అడ్డంగా తిప్పితే పట్టీ ఇక కదలదు. అంతే. "అంతేనా" అని ఎవరైనా అన్నారో, ఆకురాయి చేతికిచ్చి అదేదో మీరే చెయ్యండి అనేవాడు.

మొన్నమొన్నటి దాకా ఆ ఇంట్లో ఆయనతో పాటు అక్క ఉండేది. ఇద్దరికీ పెళ్లి కాలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. ఆవిడకు ఆఫీసు, ఈయనకు బల్ల, ఏళ్లు వాటంతట అవే గడిచిపోయాయి. అక్క టైపిస్టు. పాతకాలపు టైపు మిషను మీద రాటుదేలిన వేళ్లు ఆవిడవి. సీసా మూత ఎంత మొండికేసినా ఆవిడ చేతిలో పెడితే కిక్కురుమనకుండా ఊడొచ్చేది.

కొత్త జత తయారైనప్పుడల్లా జరిగేది ఒకటే. ఆయన ట్రయల్ చొక్కా తొడుక్కుని, కిటికీ దగ్గర నిలబడి, రెండు చేతులూ ముందుకు చాపేవాడు. అక్క చేస్తున్న పని ఆపి, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎదురుగా నిలబడి లింకులు పెట్టేది. "ఇది వదులు", "దీని కాడ పొట్టి", "ఇది బాగుందిరా" అని తీర్పు చెప్పేది. ఆవిడ బాగుందనని జత గడప దాటేది కాదు. ఆ కాస్త సేపట్లోనే ఆఫీసు కబుర్లు, పక్కింటివాళ్ల గొడవలు, ఆయన మందులు వేసుకున్నాడా లేదా అన్న ఆరా, అన్నీ అయిపోయేవి. మిగతా పొద్దంతా ఆయన బల్ల మీంచి తలెత్తేవాడు కాదు. ఆ ఇద్దరూ మాట్లాడుకున్నదంతా దాదాపు ఆ కిటికీ దగ్గరే మాట్లాడుకున్నారు.

అలాంటి అక్క రిటైరైన ఏడాదే పెళ్లి చేసుకుంది. వరుడు అదే ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైన పెద్దమనిషి. భార్య పోయి చాలాకాలమైంది. నెమ్మదస్తుడు, నలుగురిలో నోరు విప్పడు. రిజిస్ట్రారు ఆఫీసులో మనవాడు సాక్షి సంతకం పెట్టాడు, నవ్వమంటే నవ్వాడు, ఫోటోకి నిలబడమంటే నిలబడ్డాడు. పెట్టె సర్దుకుని వెళ్లేటప్పుడు ఆవిడ, ట్రయల్ ఉన్నప్పుడు కబురు చెయ్యరా, బస్సెక్కి వచ్చేస్తాను అంది. ఆయనకు అప్పుడేమైందో ఏమో, "నువ్వు రాకపోతే నా పనేం ఆగిపోదులే అక్కా" అన్నాడు. సరదాకి అన్నట్టే అన్నాడు, ఆవిడా నవ్వేసింది. కానీ తలుపు వేసి లోపలికి వచ్చేసరికి ఆ సరదా మాట కాస్తా పంతమై కూర్చుంది.

ఇల్లు బావురుమంది. ఆ సంగతి ఒప్పుకుంటే ఆయన ఆయనెలా అవుతాడు? రేడియో గట్టిగా పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ ఇద్దరికి టీ పెట్టి, పారబొయ్యడం ఎందుకని రెండు కప్పులూ తనే తాగి, నిద్ర పట్టకపోతే టీపొడిని తిట్టాడు. అక్క ఫోన్ చేస్తే చేతిలో పని ఉందని రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ చేతిలో ఏ పనీ ఉండేది కాదు.

ఇలా ఉండగా ఒకరోజు బట్టల షాపాయన అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్లుగా గుండీలాయన సరుకంతా కొనేది ఆయనే. పెళ్లికొడుకుల సూట్లకు జోడించి అమ్ముతాడు. ఈసారి కొత్తగా ఓ పెద్ద హోటల్లో వడ్డించేవాళ్ల యూనిఫారాలకు పంపాడట. పంపింది పంపినట్టే తిరిగొచ్చింది. మెరుగు పోయిందా అంటే పోలేదు, విరిగాయా అంటే విరగలేదు. పెట్టుకోవడం ఒక్కడి వల్లా కాలేదట. మొదటి రోజు అందరూ చేతిపట్టీలకు పిన్నీసులు గుచ్చుకుని డ్యూటీకి వస్తే మేనేజరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడట.

"పెళ్లికొడుకైతే చుట్టూ పదిమంది ఉంటారండీ, ఎవరో ఒకరు పెడతారు" అన్నాడు షాపాయన. "వీళ్లు తలో గదిలో ఒంటరిగా ఉండేవాళ్లు. వీళ్లకెవరు పెడతారు? అసలు మీరెప్పుడైనా సొంతంగా పెట్టుకుని చూశారా?"

 జీవితమంతా చేసిన పని అదే కదా అనబోయి గుండీలాయన ఆగిపోయాడు. అన్ని జతలు చేసిన మనిషి, ఒక్కటంటే ఒక్కటి కూడా తన చేత్తో పెట్టుకున్న పాపాన పోలేదు. చేతులు చాపడం తప్ప ఆయనకు ఇంకేమీ తెలియదు. నెలాఖరులోగా ఒంటిచేత్తో పెట్టుకునేవి చేసిస్తే సరే, లేకపోతే వేరేచోట చూసుకోక తప్పదని చెప్పి షాపాయన మర్యాదగానే వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లగానే గుండీలాయన ట్రయల్ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. కాడ కాజాల్లో దూరింది. పుల్ల తిరగలేదు. పుల్ల తిప్పాలంటే కాడను ఒక చెయ్యి పట్టుకోవాలి, ఇంకో చెయ్యి తిప్పాలి. ఆ ఇంకో చెయ్యేమో ఆ పట్టీలోనే ఇరుక్కుని ఉంది. పళ్లతో ప్రయత్నించాడు. మోకాలికి ఆనించి ప్రయత్నించాడు. లింకు జారి బల్ల కిందికి దొర్లిపోతే, ఒక చెయ్యి పట్టీ వేలాడుతుండగా నేల మీద పాకుతూ వెతుక్కున్నాడు. దొరికాక అక్కడే కూలబడ్డాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. కీలు ఎంత బిగువుండాలో, పుల్ల ఎటు తిరగాలో, అన్నీ అక్క వేళ్లకు సరిపోయేలా చేస్తూ వచ్చాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి కోసం చేశాడు. ఎదురుగా మనిషి లేనివాడి సంగతి ఆయనకు ఒక్కనాడూ తట్టలేదు.

ఫోన్ చేసి అక్కను పిలిస్తే పోయేది. విషయం చెబితే ఆవిడ పడీపడీ నవ్వి, మర్నాడే వచ్చి వాలేది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు కూడా. కానీ పని ఆగిపోదులే అన్న నోటితోనే పని ఆగిపోయిందని ఎలా చెప్పడం? ఫోన్ పక్కన పడేసి ఆకురాయి అందుకున్నాడు. అక్క లేకుండానే చేసి చూపించాలి, అంతే. ఆ చూపించాలన్న మాటలో ఆవిణ్ణి చూడాలన్న కోరికే ఎక్కువగా ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లెవరున్నారు ఆ ఇంట్లో?

కీలు వదులు చేశాడు. అలా చేస్తే పుల్ల దానంతటదే మళ్లీ తిరిగి, లింకు ఊడి టీ కప్పులో పడింది. స్ప్రింగు పెట్టాడు. ఆ స్ప్రింగు బొటనవేలిని కరిచి రక్తం తీసింది. కాడకు బదులు గొలుసు వేస్తే అది కాజాల మధ్య మెలితిరిగి మొరాయించింది. తల ప్రాణం తోకకొచ్చింది. పనిలో ఉన్నంతసేపు ఒంటరితనం గుర్తుకు రాలేదు. పని చెడినప్పుడల్లా రెట్టింపై వచ్చి మీద పడింది.

ఓ పొద్దున మామూలు చొక్కా వేసుకుంటూ గుండీ దగ్గర ఆగిపోయాడు. గుండీలో కదిలేదేముంది? ఏమీ లేదు. గుండీ ఊరికే ఉంటుంది, గుడ్డే దాని మీదికి ఎక్కుతుంది. ఇన్నాళ్లూ చిన్నచూపు చూసిన గుండీ తనకు పాఠం చెప్పిందని కాస్త చిన్నబోయాడు గానీ, అప్పటికప్పుడు బల్ల దగ్గరికి పరిగెత్తాడు. కీలు తీసేశాడు. పుల్ల తీసేశాడు. కాడను కాస్త వంపు తిప్పి, చివర చింతగింజంత నున్నటి మొగ్గ ఒకటి అతికాడు. వంపు ఎక్కువైతే కాజాలో తట్టుకుంటోంది, తక్కువైతే జారిపోతోంది. రోజుల తరబడి అరగదీసి, వంచి, మళ్లీ అరగదీసి, చివరికి కుడిచెయ్యి బల్ల మీద పెట్టి ఎడమ బొటనవేలితో నొక్కితే, మొగ్గ నాలుగు కాజాల్లోంచి చడీచప్పుడు లేకుండా అవతలికి వచ్చి నిలిచింది. చెయ్యి విదిలించాడు. ఊడలేదు.

"అక్కా, ఇది చూడు" అన్నాడు, వంటగది వైపు తిరిగి.

రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు. ఆయన రేడియో కట్టేసి, ఆ లింకును తనే తీసి, తనే మళ్లీ పెట్టుకుని, బాగుందని తనకు తనే చెప్పుకున్నాడు. ఆ మాటకు రుచి లేదు. గెలిచినందుకు ఇంత ఏడుపు రావడం ఏమిటని తనను తనే తిట్టుకున్నాడు.

షాపాయన మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు. హోటల్ వాళ్లు మరిన్ని అడిగారు. వాటిలో ఒక జత వెండితో చేసి, చిన్న డబ్బాలో పెట్టుకుని, గుండీలాయన అక్క ఇంటికి బయల్దేరాడు. బావగారికి బహుమతి అని పేరు. దారి పొడుగునా బస్సులో ఆయన లెక్కలన్నీ అక్క గురించే. ఆవిడ ఆశ్చర్యపోతుంది. నేను లేకుండా ఎలా చేశావురా అంటుంది. తర్వాత ఒక్కడివే ఎలా ఉంటున్నావురా అంటుంది. అప్పుడు తను వెంటనే జవాబు చెప్పకుండా కాసేపు ఊరుకోవాలి.

అక్క ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. బాల్కనీలో రెండు కుర్చీలు, వాటి మధ్య ఒకటే పత్రిక. అక్క కాస్త ఒళ్లు చేసింది. తమ్ముణ్ణి చూడగానే చిక్కిపోయావంది, మంచినీళ్లిచ్చింది, పక్కనే కూర్చుంది. డబ్బా చేతికివ్వగానే బావగారు లోపలికెళ్లి మంచి చొక్కా తొడుక్కుని వచ్చారు. అక్క అలవాటుగా లేచి, చేతులు చీరకు తుడుచుకుని ఆయన వైపు నడిచింది. గుండీలాయన ఆవిణ్ణి ఆపాడు.

"ఉండక్కా. ఆయన్నే పెట్టుకోనీ."

బావగారు ఒక్క నొక్కు నొక్కారు. రెండో చేతికి ఇంకో నొక్కు. చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "అద్భుతం" అన్నారు. ఆయన నోట అంత పెద్ద మాట రావడం అరుదు. అక్క దగ్గరికి వచ్చి, ఒక లింకు ఊడదీసి, వెలుగులో పెట్టి, వంపును వేలితో తడిమి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది బాగుందిరా" అంది చివరికి.

ఇన్నాళ్ల తర్వాత ఆ మాట వినేసరికి ఆయన గుండె నిండిపోయింది. ఇంతలో బావగారు నవ్వుతూ, మీ అక్క దిగులు తీరిందయ్యా, నీ ట్రయళ్లు ఎలా జరుగుతున్నాయోనని రోజూ ఇదే గోల అన్నారు. అక్క లింకును డబ్బాలో జాగ్రత్తగా పెట్టి మూత వేసింది.

"వచ్చే వారం నుంచి గురువారం గురువారం నీ దగ్గరికి వద్దామనుకున్నాన్రా" అంది. "పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉండి వెళ్దామని. అడిగితే వద్దంటావని అడగలేదు. ఈయనకు కూడా చెప్పి ఒప్పించాను. బస్సు పాసు తీసుకున్నాను." తమ్ముడి మొహంలోకి చూసింది. "ఇక నాతో పనేముందిలే. అంతేనా?"

అడిగింది ఆవిడ. జవాబు కోసం నిజంగానే ఆగింది. పనితో ఏముందక్కా, ఊరికే రా అంటే చాలు. ఆ మాట ఆయన గొంతు దాకా వచ్చింది కూడా. కానీ నెలల తరబడి సానబెట్టిన పంతం, అంత తేలిగ్గా పక్కకు తప్పుకుంటుందా? పైగా బావగారు చూస్తున్నారు, ఆయన చేతికి మిగిలిన లింకు తళతళలాడుతోంది.

"అంతేగా అక్కా, చూశావుగా" అన్నాడు.

"అవున్రా, చూశాను" అంది ఆవిడ. లేచి వంటగదిలోకి వెళ్లింది. బావగారు, తన మోకాళ్లకు ఆస్పత్రిలో గురువారాలు రమ్మంటున్నారని, అయితే ఆవిడ తనకు తోడు రావచ్చని, ఎంతో నెమ్మదిగా, ఏ పాపమూ తెలియని మనిషిలా చెప్పుకొచ్చారు. గుండీలాయన అన్నిటికీ తలూపాడు.

గురువారం పొద్దున్నే ఆయన ట్రయల్ చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కున్నాడు. బల్ల తుడిచాడు. రేడియో పెట్టలేదు. ఇద్దరికి టీ పెట్టాడు, ఈసారి అలవాటు కొద్దీ కాదు. కిటికీ తెరిచి, వీధి చివర బస్సు ఆగినప్పుడల్లా దిగేవాళ్ల మొహాలు చూస్తూ కూర్చున్నాడు. టీ చల్లారింది, మళ్లీ వెచ్చబెట్టాడు. వీధిలో దీపాలు వెలిగేదాకా ఆయన అక్కణ్ణుంచి లేవలేదు.

ఆవిడ రాలేదు. రావద్దన్నది ఆయనే.