దొర గుర్రుమనలేదు

ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఇల్లాలి మణికట్టును దొర కరిచింది. మెడపట్టీకి గొలుసు తగిలించబోతుంటే కరిచింది. కరిచే ముందు గుర్రుమనలేదు.

దొర సైలెన్సర్ మేస్త్రి కుక్క. కింద షెడ్డు, పైన కాపురం. పగిలిన సైలెన్సర్లకు అతుకు వేసి బండ్ల రొద తగ్గించడం మేస్త్రి పని. వేసవిలో దొర మనుషుల మీద గుర్రుమనడం మొదలుపెట్టింది. తల నిమరబోయినా, గొలుసు పట్టుకున్నా అదే వరస. నెత్తికెక్కించుకున్నందుకు పొగరెక్కిందనుకున్నాడు మేస్త్రి. రేకు డబ్బాలో నట్లు, బోల్టులు పోసి మూత బిగించాడు. దొర గుర్రుమన్నప్పుడల్లా డబ్బా దాని కాళ్ల దగ్గర పడేసేవాడు. కుక్క మంచం కిందికి దూరి వణికేది. వానలు మొదలయ్యేసరికి గుర్రుమనడం మానేసింది. మేస్త్రి షెడ్డుకొచ్చిన వాళ్లను పైకి పిలిచి మరీ చూపించాడు.

మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. అక్క చేతి కట్టు చూశాడు.

"నాకిచ్చెయ్ బావా. వచ్చే ఆదివారం ఆటో తెస్తా. మా గోడౌన్‌లో కాపలాకి కట్టేస్తా."

"రోజంతా కట్టేస్తే పిచ్చెక్కుతుందిరా."

"ఎక్కనీ. దొంగలు రారు."

మేస్త్రి పెళ్లాం వంక చూశాడు. ఆమె గోడ వంక చూసింది.

"చెప్పి కరిస్తే తప్పుకునేదాన్ని," అంది. "చెప్పకుండా కరిచేదానితో ఒకే ఇంట్లో ఎలా ఉండను?"

సోమవారం పశువుల డాక్టరమ్మ దొరకు మత్తిచ్చి, కుడి చెవిలోంచి గడ్డి ముల్లు తీసింది. లోపల చీము పట్టింది.

"ఇది నిన్నా మొన్నటిది కాదండీ. ముట్టుకుంటే గుర్రుమనేది కాదా?"

"అనేది డాక్టరమ్మా. నేనే మాన్పించా."

ఎలా మాన్పించాడో చెప్పాడు. ఆమె చేతులు కడుక్కుంటూ విన్నది.

"నొప్పిగా ఉంది, ముట్టుకోవద్దు అని చెప్పుకుంది. చెబితే డబ్బా వచ్చి పడింది. చెప్పడం మానేసింది. నొప్పి మాత్రం అక్కడే ఉంది."

"కుక్కకి కూడా సైలెన్సర్ బిగించారు మా ఆయన," అంది ఇల్లాలు. "పనితనం చూడండి, చప్పుడే లేదు."

డాక్టరమ్మ నవ్వలేదు. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"మళ్లీ గుర్రుమంటుందా?"

"అనొచ్చు, అనకపోవచ్చు. దూరంగా కూర్చోండి. తల తిప్పుకుంటే చెయ్యి ఆపండి. గుర్రుమంటే వెనక్కి జరగండి. తిట్టకండి. చెవి మందు వెయ్యడానికి ఇక్కడికే తీసుకురండి."

బయటికొచ్చాక ఇల్లాలు తేల్చి చెప్పింది.

"శనివారం లోపు అది నా మీద గుర్రుమంటే ఉంటుంది. లేకపోతే తమ్ముడి ఆటో ఎక్కుతుంది."

ఆ వారం మేస్త్రి సుత్తి పనులు పక్కన పెట్టాడు. కింద అతుకులు వేస్తున్నా చెవి పైకే ఉండేది. పైన ఇల్లాలు పీట వేసుకుని, ఉడికిన మాంసం ముక్కలు ఒక్కొక్కటే విసిరేది. మెల్లగా పీట ముందుకు జరిపేది. దొర తల తిప్పుకుంటే ఆగేది. శుక్రవారం దాకా అది తల తిప్పుకోవడమే తప్ప గొంతు విప్పలేదు. ఆ రాత్రి మేస్త్రి సగం అన్నం వదిలేశాడు.

శనివారం మధ్యాహ్నం పైనుంచి కేక వినిపించింది.

"ఏవండీ! అంది!"

మేస్త్రి చేతి తొడుగులతోనే మెట్లెక్కాడు.

"ఏమంది?"

"పొమ్మంది. మెడపట్టీ దగ్గరికి చెయ్యి పోనిచ్చాను. పొమ్మంది."

ఆమె పీట వెనక్కి జరిపింది. దొర మీద నుంచి చూపు తిప్పకుండానే తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఆటో తేకురా. కాదు, అది మెత్తబడలేదు. గుర్రుమంది. అందుకే."

సాయంత్రం మేస్త్రి చేతులు కడుక్కుని అదే పీట మీద కూర్చున్నాడు. ముక్క విసిరాడు. దొర తినలేదు. చెయ్యి చాచాడు. దొర గడ్డం నేలకు ఆనించి మెట్ల వైపు చూసింది. శబ్దం చెయ్యలేదు. మేస్త్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆదివారం ఇల్లాలి మీద ఇంకోసారి గుర్రుమంది. మేస్త్రి మీద అనలేదు.