టీవీలో అఖండ దీపం

రాధారాణిగారు అఖండ దీపం మొక్కుకున్నారని నాకు మనుషులెవరూ చెప్పలేదు, ఫైర్ ఇంజనే చెప్పింది. అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో, మా వీధి మలుపులో ఆవిడ కూతురూ అల్లుడితో ఉండే అపార్టుమెంట్ల ముందు ఒక ఉదయం అది కూతలు పెట్టుకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి ఆరుగురు దిగారు. ఒక్కొక్కడూ తాటిచెట్టంత. వాళ్ళు మెట్లెక్కుతుంటే భవనం ఎడమవైపుకు ఒరిగింది, దిగాక మళ్ళీ నిటారుగా నిలబడింది. కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

లోపల జరిగింది ఇదీ. రాధారాణిగారి కూతురు స్పందనకు వేసవిలో పురుడు కష్టమైంది. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొస్తే దసరా నవరాత్రులు తొమ్మిది రోజులూ ఇంట్లో దీపం ఆరకుండా చూసుకుంటానని ఆవిడ ఆసుపత్రిలో మొక్కుకున్నారు. ఇంటి కప్పుకు బిగించి ఉండే పొగ అలారం సంగతి ఆ కంగారులో ఎవరికి గుర్తుంటుంది? నవరాత్రులకు పది రోజుల ముందు, వత్తి ఎలా వెలుగుతుందో చూద్దామని కుంది నిండా నువ్వులనూనె పోసి వెలిగించారు. అలారం మోగింది, ఫైర్ ఇంజన్ వచ్చింది. మర్నాడు అలారానికి ప్లాస్టిక్ కవరు కట్టి వెలిగించారు. పక్క గదిలోది మోగింది. ఆ సాయంత్రానికల్లా అపార్టుమెంట్ ఆఫీసు నుంచి ఉత్తరం. ఇంట్లో మంట వెలిగించకూడదు, మూడోసారి జరిగితే ఇల్లు ఖాళీ చేయాలి.

కవరు కట్టమన్నది నేను కాదు. నేను చెప్పింది తడి తువ్వాలు.

"మా ఇంట్లో పెట్టుకోండి ఆంటీ, వెనకాల షెడ్డు ఖాళీగానే ఉంది" అంది మా అమ్మాయి ఉమ.

"మొక్కింది మా ఇంట్లో అని తల్లీ. అమ్మవారికి ఇప్పుడు అడ్రసు మార్చమంటే ఏం బావుంటుంది?" అన్నారావిడ.

"పోనీ బ్యాటరీ దీపం ఆర్డర్ చేస్తాను అత్తయ్యా" అన్నాడు ఆవిడ అల్లుడు తేజేశ్వర్.

"అందులో నూనె ఎక్కడ పొయ్యాలి నాయనా?"

తేజేశ్వర్ ఫోన్‌లో వెతికాడు. ఎక్కడా రాసి లేదు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, మొక్కులో ఇంకో ముక్క లేకపోతే. మధ్యలో దీపం కొండెక్కితే ఆ క్షణం నుంచి తొమ్మిదో రోజు దాకా పచ్చి మంచినీళ్ళే తాగుతానని కూడా ఆవిడ కలిపేసుకున్నారు. ఆవిడది పన్నెండేళ్ళ షుగరు. రెండు పూటలా ఇన్సులిన్.

"ఒక్కపూట తినకపోతేనే కళ్ళు తిరిగి పడిపోతుంది అంకుల్. అమ్మ మాట తప్పదు. మీరే ఏదో ఒకటి చెయ్యాలి" అని స్పందన చంటిదాన్ని భుజాన వేసుకుని మా గుమ్మంలో నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

గుడి పురోహితులు నరసింహశర్మగారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం.

"శర్మగారూ, దీపం వీడియోలో ఉంటే పనికొస్తుందాండీ?" అని తేజేశ్వర్ అడిగాడు.

"శాస్త్రంలో టీవీ ప్రసక్తి లేదు. లేదు కాబట్టి నిషేధమూ లేదు. ముందు ఎక్కడైనా నిజం దీపం వెలిగించి దణ్ణం పెట్టుకోండి. ఆ దీపాన్నే వీడియో తీసి ఇంట్లో పెట్టుకోండి. కంటికి మాత్రం కొండెక్కినట్టు కనపడకూడదు."

"లూప్‌లో పెట్టేస్తాను."

"లూపో గీపో, కొండెక్కకూడదు" అని ఆయన ఫోన్ పెట్టేశారు. ఆ పూట ఆయనకు మూడు గృహప్రవేశాలున్నాయి.

మా షెడ్డులో దీపం వెలిగించి ఒక గంటసేపు వీడియో తీశాం. తేజేశ్వర్ దాన్ని నెట్‌లో ఎక్కించి వాళ్ళ టీవీలో పెట్టాడు. అయిదో నిమిషంలో దీపం మాయమై, ఆ స్థానంలో వచ్చిన ప్రకటనలో ఎవడో పరుపు మీద దొర్లుతూ దాని మెత్తదనాన్ని పొగిడాడు. తర్వాత ల్యాప్‌టాప్ తెచ్చి టీవీకి తగిలించాడు. అది అప్‌డేట్ కావాలని చెప్పి తనంతట తానే ఆరిపోయింది. ఆఫీసులో వెయ్యి కంప్యూటర్లను ఆగకుండా నడిపే కుర్రాడు, ఒక్క కుంది దగ్గర బోర్లా పడ్డాడు.

"ఇవన్నీ రిహార్సల్సే అత్తయ్యా, లెక్కలోకి రావు" అన్నాడు.

"నీకు వెయ్యిటికి జీతమిస్తున్నారా, ఒకదానికా?" అన్నాను నేను.

"అంకుల్, మీరు కూడానా."

వాళ్ళ టీవీ పాతది, పక్కన డిస్క్ పెట్టే చీలిక ఉన్న రకం. అక్కడ నా అవసరం పడింది. నేను చదివింది ఎనిమిదో తరగతి దాకా, మా ఊరి బడిలో. ఆ బడి మొత్తానికి ఉన్న యంత్రం గోడ గడియారం ఒక్కటే. అదీ హెడ్మాస్టరుగారిని అడిగిగాని టైము చూపించేది కాదు. అలాంటివాణ్ణి, అమెరికా వచ్చాక ఉమ పాత కంప్యూటర్‌లో డీవీడీలు తయారుచేయడం నేర్చుకున్నాను. ఇక్కడి పిల్లల డాన్సులూ పాటలూ డిస్కులకెక్కించి తాతలకూ బామ్మలకూ పంచిపెడుతుంటాను. ఇంటర్నెట్ గొడవ లేదు, పరుపుల గొడవ లేదు.

మొదటి డిస్క్ చేశాను. గంటసేపు దీపం చక్కగా వెలిగింది. గంట కాగానే టీవీలో రంగు రంగుల బెలూన్లు ఎగిరాయి, పియానో మోగింది. నా సాఫ్ట్‌వేర్ పుట్టినరోజుల కోసం పుట్టినది. వీడియో అయిపోయాక ఎక్కడికి వెళ్ళాలో మనం చెప్పకపోతే బెలూన్ల పేజీకి వెళ్ళి, మళ్ళీ ఎవరైనా బటన్ నొక్కేదాకా అక్కడే కూర్చుంటుంది.

"ఎవరి పుట్టినరోజు అన్నయ్యగారూ?" అని అడిగారు రాధారాణిగారు.

"అమ్మవారిదే అనుకో చెల్లెమ్మా."

ఇంటికొచ్చి సెట్టింగులన్నీ వెతికాను. బెలూన్ల పేజీ పీకేశాను. డిస్క్ పెట్టగానే నేరుగా దీపమే రావాలని పెట్టాను. 'వీడియో పూర్తయ్యాక ఏం చేయాలి' అన్నచోట, మళ్ళీ ఇదే వీడియో మొదటికి వెళ్ళమని ఎంచుకున్నాను. అంతే. ఇక డిస్క్‌కు చివరంటూ లేదు. గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది.

నవరాత్రులకు రెండు రోజులుందనగా రెండో డిస్క్ పెట్టాం. రాధారాణిగారు టీవీకి ముక్కు ఆనించి కూర్చున్నారు. గంట నిండగానే తెర నల్లబడి, మళ్ళీ దీపం వచ్చింది.

"కొండెక్కింది" అన్నారావిడ.

"అర సెకను అత్తయ్యా. డిస్క్ చివరినుంచి మొదటికి వెళ్ళడానికి ప్లేయర్‌కి ఆమాత్రం టైమ్ పడుతుంది" అన్నాడు తేజేశ్వర్.

"అర సెకనైతే ఆరడం కాదా? ఎల్లుండి కూడా ఇలాగే జరిగితే నాకు ఆ క్షణం నుంచి మంచినీళ్ళే. అమ్మవారితో నేను సెకన్ల బేరం పెట్టుకోలేదు."

స్పందన మొహం చూడలేకపోయాను. ఏం చేయాలో తోచనప్పుడు నాకు కబుర్లే వస్తాయి.

"మా తాత తుఫానులో వెలుగుతున్న ప్రమిదను నోట్లో పెట్టుకుని మూడు మైళ్ళు నడిచాడమ్మా. దారిలో ఎవరైనా పలకరిస్తే ముక్కులోంచి వెలుతురు పడేది."

"మొన్న రెండు మైళ్ళే అన్నారుగా" అన్నారు రాధారాణిగారు.

"మొన్న చెప్పింది వెళ్ళేటప్పటి సంగతి. వచ్చేటప్పుడు చుట్టుదారి."

ఆవిడ నవ్వారు. నవ్వుతూనే, ఏ పరధ్యానంలో ఉన్నారో, పక్కనున్న నూనె గిన్నె అందుకుని, తెర మీది కుందిలో పొయ్యడానికి చెయ్యి చాపారు.

"అమ్మా, అది టీవీ" అని స్పందన గిన్నె పట్టుకుంది.

నేను మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. ఆవిడ అరచెయ్యి అడ్డం రావడంతో నేను కూర్చున్నచోటికి దీపం కనిపించడం లేదు. కుంది లేదు, వెలుగు లేదు, చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చేతి వెనక తెర నల్లబడినా, ఎర్రబడినా, బెలూన్లు ఎగిరినా నాకు తెలిసేది కాదు.

"చెల్లెమ్మా, రేపు పొద్దున్న ఆ గాజులతోనే మా షెడ్డుకి రా. నూనె రెండుసార్లు పోద్దువు గాని" అన్నాను.

"ఎందుకూ?"

"దీపం అన్నాక నూనె పొయ్యరా ఏమిటి?"

మర్నాడు కెమెరాను కుందికి బాగా దగ్గరగా పెట్టాను. ఆవిడ అరచేత్తో దీపాన్ని పూర్తిగా కప్పాక రికార్డింగ్ మొదలుపెట్టాను. ఆవిడ నూనె పోసి చెయ్యి తీశారు. దీపం గంటసేపు వెలిగింది. మళ్ళీ ఆవిడ నూనె పొయ్యడానికి చెయ్యి తెచ్చారు. అరచెయ్యి తెరంతా నిండగానే రికార్డింగ్ ఆపేశాను. మొదట్లో చెయ్యే, చివర్లో చెయ్యే. అర సెకను చీకటి ఆ రెండు చేతుల మధ్య ఇరుక్కుంది. ఆ చీకట్లో మాయమయ్యేది చెయ్యే, దీపం కాదు. తేజేశ్వర్ చూసి, "అంకుల్, ఇది మా ఆఫీసులో ఎవరికీ తట్టదు" అన్నాడు. తట్టదనే సంగతి నాకు ముందే తెలుసు.

పాడ్యమి నాడు పొద్దున పది గంటలకు డిస్క్ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దణ్ణాలు పెట్టుకున్నాం. స్పందన పదకొండుకే అన్నం వండేసింది. ఇన్సులిన్ పెన్ను బల్ల మీద పెట్టింది.

"మొదటి గంట చూశాకే నా భోజనం. కొండెక్కిందా, ఆ అన్నం మీరే తినెయ్యండి" అని రాధారాణిగారు టీవీ ఎదురుగా కూర్చున్నారు.

గంట నిండుతోంది. తేజేశ్వర్ గడియారం చూస్తున్నాడు, స్పందన తల్లిని చూస్తోంది. చంటిది కూడా ఏడుపు ఆపింది. తెర కుడివైపు నుంచి ఎర్ర గాజుల చెయ్యి వచ్చింది. అరచెయ్యి తెరంతా కప్పేసింది. చెయ్యి ఒక్క రెప్పపాటు చీకట్లో కలిసి, మళ్ళీ కనపడి, పక్కకు తప్పుకుంది. దీపం వెలుగుతోంది.

ఆవిడ తల తిప్పకుండానే, "ఆ చెయ్యి నాదేనా?" అన్నారు.

"నీదే చెల్లెమ్మా."

"అంత లావుగా ఉందేమిటి?"

"టీవీ పెద్దది కదా."

ఆవిడ నావైపు తిరిగారు. "చెయ్యి అడ్డంపెట్టి వెనకాల మీరు చేసిన గారడీ నాకు తెలియదనుకున్నారా? రెండుసార్లు నూనె పొయ్యమన్నప్పుడే అర్థమైంది."

స్పందన కంచం పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయింది.

"తెలిస్తే మరి..." అన్నాను.

"మా అత్తగారింట్లో నిజం దీపానికి నేనే ముప్ఫై ఏళ్ళు నూనె పోశాను అన్నయ్యగారూ. పోసినప్పుడల్లా చెయ్యి అడ్డమే. ఆ కాస్తలో అది ఆరి మళ్ళీ వెలిగిందేమో నేనేం చూశాను, మా అత్తగారేం చూసింది? చెయ్యి తీశాక వెలుగుతుంటే దణ్ణం పెట్టుకునేవాళ్ళం." ఆవిడ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. "స్పందనా, ఆ ఇంజక్షన్ ఇలా ఇవ్వు. ఆకలేస్తోంది. వంకాయ కూరలో కారం తగ్గించావా లేదా?"

ఆవిడ తొమ్మిది రోజులూ రెండు పూటలా తిన్నారు. తెర మీది చేతికి మాత్రం విశ్రాంతి లేదు, గంటకోసారి చొప్పున రాత్రనకా పగలనకా నూనె పోస్తూనే ఉంది. నవమి నాడు వెళ్ళేసరికి తేజేశ్వర్ టీవీ కింద బల్లను గుడ్డతో తుడుస్తున్నాడు. పాప పాలసీసా ఒలికిందని వాడంటాడు. నేను వేలితో అద్ది వాసన చూశాను. నువ్వులనూనె.