రిబ్బను కట్టిన ఫ్రిజ్

అక్క పోయిన రోజు మధ్యాహ్నం మాస్టారు ప్రభుత్వాసుపత్రి వరండాలో, తాళం వేసిన ఒక తలుపు ముందు నిలబడి ఉన్నారు. తలుపు పైన ‘రక్త నిల్వ కేంద్రం’ అని బోర్డు ఉంది. పక్క గోడకు నల్లరాతి ఫలకం. దాని మీద ఆ గదిని ప్రారంభించిన మంత్రిగారి పేరు, కింద కాస్త చిన్న అక్షరాల్లో స్థానిక శాసనసభ్యుడి పేరు. ఆ శాసనసభ్యుడు మాస్టారి భార్యకు స్వయానా తమ్ముడు. ఆవిడ వరండాకు అటు చివరి గదిలో మంచం మీద ఉంది. బజారులో లారీ వెనక్కి వస్తూ గుద్దింది. రక్తం చాలా పోయింది, వెంటనే ఎక్కించాలి అని డాక్టరమ్మ చెప్పింది.

“తాళం తియ్యవయ్యా బాబూ,” అన్నారు మాస్టారు.

వాచ్‌మన్ కదల్లేదు. “తీస్తే ఏముంటుంది సార్? చీపుళ్లూ బకెట్లూ పెట్టుకుంటున్నాం. రక్తం ఇక్కడ ఏనాడూ లేదు.”

“బోర్డు ఉంది కదా?”

“బోర్డు ఉంది సార్,” అని ఒప్పుకున్నాడు వాచ్‌మన్.

పట్నం నుంచి రక్తం తెస్తున్న వ్యాను సగం దారిలో ఉండగానే ఆవిడ ప్రాణం పోయింది.

ఊరంతటికీ ఆవిడ అక్క. ఆవిడకు తమ్ముడు కాబట్టి శాసనసభ్యుడు ఊరంతటికీ తమ్ముడు. ఆ పిలుపు ఊరికే రాలేదు. మొదటి ఎన్నికల్లో అతను సొంత తెలివితో పోటీ చేసి, సొంత గొంతుతో ఉపన్యాసాలు దంచి, డిపాజిట్టు పోగొట్టుకుని, ఇంటికొచ్చి ముసుగు తన్ని పడుకున్నాడు. అక్క దుప్పటి లాగేసింది. “ఇకమీదట నువ్వు మాట్లాడకురా నాయనా. నేను మాట్లాడతాను. నువ్వు నవ్వుతూ పక్కన నిలబడు, చాలు,” అంది. తర్వాతి ఎన్నికల దాకా అతన్ని గుమ్మం గుమ్మం తిప్పింది. ఎవరికి మోకాలి నొప్పి, ఎవరి కోడలు అలిగి పుట్టింట్లో కూర్చుంది, ఏ అన్నదమ్ములు మాటలు మానేశారు, అన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. “మా తమ్ముడమ్మా, కాస్త గుర్తుపెట్టుకో,” అనేది. జనం గుర్తుపెట్టుకున్నారు. రెండుసార్లు గెలిపించారు.

గెలిచినవాడు శాసనసభకు వెళ్లి కూర్చున్నాడు. “మావాడు సభలో నోరు విప్పింది రెండుసార్లే. రెండుసార్లూ ప్రమాణం చేయడానికే,” అని మాస్టారు ఎగతాళి చేసేవారు. అక్క మూతి తిప్పేది. “మీ స్కూల్లో పిల్లలు నోరెత్తకపోతే బుద్ధిమంతులంటారు. మావాడైతే తప్పొచ్చిందా?” అనేది.

రక్త నిల్వ కేంద్రం కూడా ఇంట్లో చెప్పుకుని నవ్వుకునే ముచ్చటే. మొదటిసారి గెలిచాక, మళ్లీ జనం ముందుకు వెళ్లబోయే ముందు తమ్ముడు ఆ గది కట్టించాడు. ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారు. గోడలకు రంగు ఆరింది గానీ రక్తం దాచే ఫ్రిజ్ రాలేదు. తమ్ముడు తల పట్టుకున్నాడు. అక్క నేరుగా కూల్‌డ్రింకుల కొట్టాయన దగ్గరికి వెళ్లి, “అన్నయ్యా, ఒక్క పూట ఇవ్వు,” అని ఆయన ఫ్రిజ్ పట్టుకొచ్చింది. సీసాలు బయట పెట్టి, తలుపు మీది సీసా బొమ్మకు తెల్ల కాగితం అంటించి, చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, తలుపు తెరిచి, లోపలికి చెయ్యి చాచి, “అబ్బ, ఎంత చల్లగా ఉందయ్యా!” అని మెచ్చుకున్నారు. సాయంత్రానికి అది మళ్లీ కొట్లో సోడాలు చల్లబరుస్తోంది. అసలు ఫ్రిజ్ రేపో మాపో వస్తుందన్నారు. చుట్టాలు వచ్చినప్పుడల్లా అక్క మంత్రిగారిలా చెయ్యి చాచి చూపించేది. అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవారు. మాస్టారు కూడా నవ్వేవారు.

అక్క శవం మీద పడి తమ్ముడు ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు. తల్లి పోయాక అతన్ని పెంచింది అక్కే. మాస్టారికి ఒళ్లు మండిందీ అందుకే. దొంగ ఏడుపైతే మెడపట్టి బయటికి గెంటేవారు. నిజంగా ఏడుస్తున్నవాణ్ణి ఏం చేయాలో ఆయనకు తోచలేదు.

తర్వాత ఆసుపత్రి పెద్ద డాక్టరు ఆయనకు విషయం విడమరిచి చెప్పాడు. “ఫ్రిజ్ ఒక్కటే కాదు మాస్టారూ. పని తెలిసిన మనిషిని వెయ్యాలి, పైనుంచి అనుమతి రావాలి. అడిగీ అడిగీ మా నోళ్లు పడిపోయాయి. ఎమ్మెల్యే సభలో లేచి ఒక్క ప్రశ్న వేస్తే మంత్రి అందరి ముందూ జవాబు చెప్పుకోవాలి. ఆ సిగ్గుకైనా పని అవుతుంది. పక్క నియోజకవర్గంలో అలాగే వచ్చింది.”

“ఒక్క ప్రశ్నేనా?”

“ఒక్కటే. పైగా మీ బావమరిదే కదండీ!”

మాస్టారు ఆ సాయంత్రమే బావమరిది ఇంటికి వెళ్లారు. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీల నిండా జనం, ఖాళీ టీ గ్లాసులు, మోగుతున్న ఫోన్లు. తమ్ముడి పక్కనే అతని ముఖ్య అనుచరుడు ఉన్నాడు. చెవిలో చెప్పమన్న మాట వీధి చివరికి వినబడేలా చెబుతాడని అతన్ని అందరూ మైకు అంటారు.

“అడుగుతాను బావా, అక్క మీద ఒట్టు,” అన్నాడు తమ్ముడు. “కానీ ఇప్పుడు కాదు. ఎన్నికలు నెత్తి మీదున్నాయి. మన ప్రభుత్వాన్ని మనమే నిలదీస్తే పార్టీ టికెట్టు ఇస్తుందా? టికెట్టు లేకపోతే గెలిచేదెలా? గెలవకపోతే అడిగేదెలా?”

“రెండుసార్లు గెలిచావు కదరా. అప్పుడెందుకు అడగలేదు?”

“మాస్టారూ, అన్న మనసు అసలే బాగాలేదు,” అని మైకు మధ్యలో దూరాడు. “అక్క పోయిన దగ్గర్నుంచి సరిగ్గా భోంచేయట్లేదు.”

“ఆవిడ నాకూ ఏదో అవుతుందయ్యా,” అన్నారు మాస్టారు. లేచి వచ్చేశారు.

ఎన్నికల ప్రచారం మొదలైన వారంలో, స్కూలుకు వెళ్లే దారిలో గోడ మీద అక్క కనబడింది. తలకాయ ఒక్కటే మనిషంత ఉంది. ‘అక్క ఆశయం కోసం తమ్ముడికే మీ ఓటు’ అని కింద రాశారు. అది మాస్టారూ ఆవిడా కలిసి దిగిన ఫోటో. మాస్టారిని కత్తిరించేశారు గానీ అంచున ఆయన చొక్కా భుజం కొంచెం మిగిలిపోయింది. ఆయన ఆ భుజాన్ని చూస్తూ నిలబడిపోయారు. ఆవిడకు ఏ ఆశయమూ లేదు. తమ్ముడు బాగుండాలనుకుంది, అంతే.

“చూశారా మాస్టారూ పోస్టరు?” మైకు బండి ఆపి మరీ అడిగాడు. “ఊరు ఊరంతా కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. బ్రహ్మాండమైన స్పందన! చివరి ప్రచార సభకు మీరు వేదిక మీద ఉండాలి. రెండు మాటలు మాట్లాడితే ఇక మనకు తిరుగులేదు.”

 “వస్తాను,” అన్నారు మాస్టారు. శాసనసభలో అడగనివాడి తరఫున తానే జనం ముందు అడగాలని ఆయన అప్పుడే అనుకున్నారు.

మైదానం కిటకిటలాడింది. మైకు ఆయన చేతికి మైకు ఇచ్చాడు. మాస్టారు అలవాటు కొద్దీ, తరగతిలోలాగే, అందరూ సర్దుకునేదాకా ఆగారు. తెలిసినదానితో మొదలుపెట్టి తెలియనిదాని దగ్గరికి తీసుకెళ్లాలి. పాఠం చెప్పే పద్ధతి అదే. అందుకని ఫ్రిజ్‌తో మొదలుపెట్టారు. కొట్టాయన్ని బతిమాలడం, సీసాలు తీయడం, కాగితం అంటించడం, ఒక్కొక్కటే వరుసగా చెప్పుకొచ్చారు. రిబ్బను దగ్గరికి వచ్చేసరికి వెనకెక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. “అబ్బ, ఎంత చల్లగా ఉందయ్యా” అనగానే మైదానం మైదానమంతా గొల్లుమంది. ఆ ముచ్చట సగం మందికి అక్క నోట విన్నదే. మాస్టారు ఆగండన్నట్టు చెయ్యి ముందుకు చాచారు. మంత్రిగారిని అనుకరిస్తున్నారనుకుని జనం ఇంకా నవ్వారు. ఈలలు వేశారు.

అసలు మాట ఇంకా చెప్పనే లేదు. తమ్ముడు లేచి వచ్చి మైకు అందుకున్నాడు. అతని చెంపలు తడిసి ఉన్నాయి.

“చూశారా మా అక్క! నా పరువు కోసం ఇంకొకరి గుమ్మం ఎక్కి ఫ్రిజ్ అడిగి తెచ్చింది! అలాంటి అక్కకు తమ్ముణ్ణి. మీకోసం నేను ఎవరి గుమ్మమైనా ఎక్కుతాను!”

చప్పట్లతో చెవులు చిల్లులు పడ్డాయి. “ఆ ఫ్రిజ్ లేకే ఆవిడ చచ్చిపోయింది!” అని మాస్టారు అరిచారు. ఆయన అరుపు మొదటి వరుస దాకానే వెళ్లింది. అక్కడ కూర్చున్న ఒక పెద్దావిడ పక్కావిడతో, “పాపం, బాగా కుంగిపోయాడు,” అంది.

తమ్ముడు మూడోసారి గెలిచాడు, అంతకుముందెన్నడూ లేనంత మెజారిటీతో.

ఆ సాయంత్రం ఊరేగింపు మాస్టారి వీధిలోకి మళ్లింది. తమ్ముడు వాహనం దిగి మెట్లెక్కాడు. మాస్టారు గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డారు.

“అక్క ఫోటో ముందు ఒక్క నిమిషం నిలబడి వెళ్తాను బావా.”

“లోపలికి రావద్దు.”

“జనం చూస్తున్నారు బావా!”

“చూడనీ. ఆవిడ చచ్చిపోయినందుకు నీకు ఓట్లేశారు కదా, ఎందుకు చచ్చిపోయిందో కూడా తెలుసుకోనీ. నీకేమన్నా అయితే పట్నం తీసుకెళ్లడానికి ముందొక కారు, వెనకొక కారు ఉన్నాయి. ఈ వీధిలోవాళ్లకేం ఉందిరా? రాతి మీద నీ పేరుంది.”

“అడుగుతానన్నాను కదా. ఇప్పుడు గెలిచాం, ఇక భయమేముంది?”

“అయితే అడిగి రా. ఆ రోజు తలుపు తీస్తాను.”

“గెలిచిన రోజు ఇదేం మాట మాస్టారూ, శుభమా అని…” అని మైకు ఎత్తుకున్నాడు.

“నోర్ముయ్!” అన్నారు మాస్టారు.

ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఆయన ఏ పిల్లవాడినీ అనని మాట అది.  డప్పుల వాళ్లు కొట్టడం ఆపేశారు.

తమ్ముడు గొంతు తగ్గించాడు. “అక్క ఉంటే నన్నిలా గుమ్మంలో నిలబెట్టేదా బావా?”

“అక్క ఉంటే నేనూ నిలబెట్టేవాణ్ణి కాదు.”

మాస్టారు తలుపు మూసి గడియ పెట్టారు. కొంతసేపటికి బయట మైకు జిందాబాద్ అందుకున్నాడు. జనం వంత పాడారు. ఊరేగింపు ముందుకు కదిలింది.

కొత్త శాసనసభ సమావేశాలు మొదలయ్యాక మాస్టారు రోజూ టీచర్ల గదిలో టీవీ పెట్టుకుని ప్రశ్నోత్తరాలు చూశారు. రోడ్ల గురించి అడిగారు, మంచినీళ్ల గురించి అడిగారు, ఒకాయన తన ఊరి బస్సు ఎందుకు ఆపేశారని బల్ల గుద్ది అడిగాడు. తమ్ముడు వెనక వరుసలో కనిపించేవాడు. సమావేశాలు ముగిశాయి. రక్త నిల్వ కేంద్రం గురించి ఇంకా ఎవరూ అడగలేదు.