రెండు మార్కులు

తొమ్మిదో తరగతిలో మా అమ్మాయి లెక్కల నోటుపుస్తకానికి మార్జిన్లు చాలేవి కావు. మాస్టారు ఎర్ర పెన్నుతో ఏదో ఒకటి రాసేవారు. ‘ఇంత చుట్టు తిరగాలా?’ ‘ఈ లైను ఎక్కణ్ణించి ఊడిపడింది?’ ఒకసారి ‘నాకీ దారి తట్టలేదు’ అని రాస్తే, ఆ పేజీ పక్కన తెరిచి పెట్టుకునే అన్నం తింది. పై చదువుల్లో లెక్కలే తీసుకుంటానని ఆ రోజే తేల్చేసింది.

పదో తరగతి మొదటి పరీక్ష పేపరు సంతకానికి ఇంటికొచ్చింది. తొంభై ఒకటి. సరిచూడకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. ఏడో లెక్కకి వేసిన రెండు మార్కులు మొత్తంలో కలవలేదు.

“నేను అడుగుతాలే అమ్మా, నువ్వూరుకో” అంది.

నేను ఊరుకోలేదు. మర్నాడు కూరలకి వెళ్తూ హెడ్‌మిస్ట్రెస్‌గారికి చీటీ రాసిచ్చి వచ్చాను. ఆవిడ టీచర్లందరి ముందూ మాస్టారిని నిలబెట్టి, మార్కులు దిద్దించి, పక్కన సంతకం చేయించారట. పేపరు తొంభై మూడై తిరిగొచ్చింది. రెండు మార్కులకి ఇంత రాద్ధాంతమా అన్నారు మావారు. న్యాయం న్యాయమే అన్నాను.

అర్ధ సంవత్సరం పరీక్షలో అరవై నాలుగొచ్చాయి.

ట్యూషన్ పెట్టిద్దామని మావారు అంటుంటే నోటుపుస్తకం తెరిచాను. మార్జిన్లన్నీ తెల్లగా ఉన్నాయి. ప్రతి పేజీ అడుగునా ఒక టిక్కు, తేదీ. ఒకచోట ఏడెనిమిదులు యాభై నాలుగని ఉంది. దానికింద కూడా టిక్కే. ఇదేమిటే అని అడిగాను.

“కావాలనే రాశా. చూస్తారేమోనని.”

ఇంకో నాలుగు పేజీలు తిప్పాను. లెక్క మధ్యలో, చిన్న అక్షరాలతో, ‘సార్, ఇది చదువుతున్నారా?’ అని రాసింది. అడుగున టిక్కు, తేదీ.

మర్నాడే బడికి వెళ్లాను. మాస్టారు లేచి, పక్క కుర్చీ మీది పుస్తకాలు తీసి కూర్చోమన్నారు. చీటీ సంగతి ఎత్తి, పొరపాటు నాదేనని చెప్పుకున్నాను. ఆయన ముఖంలో కోపమేమీ లేదు. ఉంటే బాగుండునని ఇప్పుడనిపిస్తుంది.

“అయ్యో, అలాంటిదేం లేదమ్మా. మీ అమ్మాయి పేపరు మూడుసార్లు కూడుతున్నాను. ఒక్క మార్కు కూడా తేడా రాదు.”

అంతలో గంట కొట్టారు. సుద్దముక్కల డబ్బా తీసుకుని క్లాసుకి వెళ్లిపోయారు.

వచ్చే ఏడాది ఏం చదువుతారో రాసిచ్చే ఫారం ఆ శుక్రవారం ఇంటికొచ్చింది. అమ్మాయి అంతా నింపేసి, పెన్నుతో సహా తెచ్చి నా ముందు పెట్టింది. లెక్కలకి ఎదురుగా ఉన్న గడి ఖాళీగా ఉంది.

“తప్పులేం లేవమ్మా. కావాలంటే సరిచూసుకో” అంది.

పైనుంచి కింది దాకా చూశాను. నిజంగానే ఏ తప్పూ లేదు. సంతకం పెట్టాను.