సూది కోసం ప్రార్థన

బెంజమిన్ మేష్టారికి చుట్ట లేదు, బీడీ లేదు, కల్లు వాసనే గిట్టదు. సారా ఉద్యమం రోజుల్లో ముమ్మిడివరం చుట్టుపక్కల గుమ్మం గుమ్మానికీ తిరిగి తాగుడు మానమని బతిమాలిన మనిషి. పేటంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. రోజుకి మూడు సూదులు వేయించుకుంటారని కూడా పేటంతటికీ తెలుసు. తెలిస్తే ఏం? నడుం నొప్పికి డాక్టరు రాసిన మందది, మెడికల్ షాపులో చీటీ చూపించి కొన్నది.

ఆ నొప్పి తగ్గి రెండేళ్లయిందన్న సంగతి మాత్రం భార్య ఇందిర ఒక్కదానికే తెలుసు. సూది ఆలస్యమైతే ఆయన చెమటలు పట్టి, వణికిపోయి, చంటిపిల్లాడిలా ఏడుస్తారు. పొడిచి పొడిచి తొడలు గట్టిపడిపోయాయి. పూటపూటా రాలేక కాంపౌండరు సూది వెయ్యడం ఆవిడకే నేర్పాడు. ఈమధ్య పూటకి ఒకటి చాలక రెండేసి అడుగుతున్నారు. ఇలాగైతే మనిషి దక్కడని ఆవిడకి భయం పట్టుకుంది.

ఆ ఆదివారం చర్చిలో అందరి ముందూ ఏలీయాని నిలబెట్టారు. కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే ఏలీయా గంజాయి బీడీతో దొరికాడు. ఆరు నెలలు రొట్టె, ద్రాక్షరసాల సంస్కారం ఇవ్వనన్నారు పాస్టరుగారు. జనం ఛీఛీ అన్నారు.

"మానలేకపోతున్నానండి," అన్నాడు ఏలీయా, తలొంచుకుని.

ఒక్కతే వచ్చిన ఇందిర తలెత్తి చూసింది. ఇంట్లో రోజూ వినే మాటే అది. ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ ధైర్యం చేసి లేచింది.

"మేష్టారు సూదికి అలవాటు పడిపోయేరండి. మానిపించమని ప్రార్థన చెయ్యండి. ఆయనదీ ఏలీయాదీ ఒకటే రోగమండి."

చర్చంతా గుసగుసలు.

"తప్పమ్మా," అన్నారు పాస్టరుగారు మెత్తగా. "గంజాయి పాపం. మందు దేవుడి దయ. అంతటి మనిషిని వీడితో కలిపేస్తారా? సేవ చేసి చేసి మీరు విసిగిపోయేరు, అంతే."

"విసుగు కాదండి, ఆయన చచ్చిపోతారండి!"

అప్పటికే అందరూ మోకరించారు. మేష్టారి నొప్పి తీరాలని, మందుకి లోటు రాకూడదని, భార్యకి ఓర్పు దయచెయ్యమని ఎంత ప్రేమగా వేడుకున్నారో! ఆ ప్రేమ చూస్తే ఇందిరకి ఒళ్లు మండిపోయింది. మండి మాత్రం ఎవర్ని తిడుతుంది?

బయట మెడికల్ షాపు సాలమోను ఎదురొచ్చాడు. గబగబా షాపు తలుపు తీసి సూదిమందు పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు.

"మేష్టారికి ఇకమీదట చీటీ అక్కర్లేదండి. ఎప్పుడు కావాలన్నా ఇచ్చేస్తానండి, ఆయ్."

గోడవార నిలబడ్డ ఏలీయా, "అది కాలవలో పారేసెయ్యండమ్మా," అన్నాడు. వాడి మాట ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడ తప్ప. కాలవ వంతెన మీద ఆగింది కూడా. చెయ్యి రాలేదు.

ఇంటి దగ్గర మేష్టారు అరుగు మీద దుప్పటి కప్పుకుని వణుకుతున్నారు.

"ఎంతసేపు ఇందిరా... నావల్ల కాదు," అంటూ ఆవిడ కాళ్లు పట్టుకోబోయారు.

ఇందిర పెట్టె విప్పింది. తొడమీద ఇంకా మెత్తగా ఉన్న చోటు వెతికి వెతికి, సూది గుచ్చింది.

"నువ్వు చల్లగా ఉండాలి," అన్నారాయన, కళ్లు మూసుకుంటూ.