అలక అనుకున్న పొద్దు

బోర్డులు రాసే పెద్దాయనకు అలక ఎక్కువ. మూతి ముడిచాడంటే రెండు మూడు పూటలు ఇంట్లో ఆయన మాట వినపడదు. ఇన్నేళ్ల కాపురంలో భార్యకు అది అలవాటైపోయింది.

ఒకరోజు సాయంత్రం ఆవిడే కదిపింది. "నిచ్చెనలెక్కే పని ఇంక మానండి. మీ కాళ్లు వణకడం రోడ్డు మీద పోయేవాళ్లు కూడా చూస్తున్నారు" అంది. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. అన్నం తినకుండా పడుకున్నాడు.

తెల్లారాక టీ పట్టుకెళితే గోడవైపు తిరిగి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. "బెట్టు దిగాకే తాగండి" అని గ్లాసు అక్కడ పెట్టి, ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుంది. స్కూలు యూనిఫారాలు ఆరోజే ఇచ్చెయ్యాలి. కాజాలు కుడుతూ లోపల్లోపల ఆయన్ని సాధిస్తూనే ఉంది.

అన్నం వేళకు లేపబోయింది. టీ మీద తొరక కట్టి ఉంది. భుజం పట్టి ఇటు తిప్పితే, కళ్లు తెరిచే ఉన్నాయి. నోరు ఒక పక్కకు జారిపోయింది. కుడిచెయ్యి ఎత్తి వదిలితే తడిబట్టలా పడింది.

కూతురు ఆఫీసు నుంచి నేరుగా ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది. మెదడు డాక్టరమ్మ అడిగిన మొదటి మాట ఒకటే. "ఎప్పుడు మొదలైంది?"

తల్లి అంది: "పొద్దున్నుంచీ పలకలేదండీ. అలిగారనుకున్నాను."

కూతురు తల్లి వంక చూసి, తల తిప్పేసుకుంది.

"పక్షవాతం ఎప్పుడు వచ్చిందో తెలియకపోతే, మెదడులో రక్తం గడ్డ కరిగించే మందు ఇవ్వడం కష్టమమ్మా. స్కాన్ ఏమంటుందో చూద్దాం" అంది డాక్టరమ్మ.

స్కాన్ తీశాక వాళ్లిద్దరినీ తెర దగ్గరకు పిలిచింది. వేలమంది మెదళ్ల స్కాన్లు చూసి నేర్చుకున్న ప్రోగ్రాం ఒకటి, ఆయన మెదడు బొమ్మ మీద రంగులు వేసింది.

"ఎర్రగా ఉన్నది చచ్చిపోయిన భాగం. పచ్చగా ఉన్నదానికి రక్తం చాలట్లేదు, కానీ ఇంకా బతికే ఉంది." డాక్టరమ్మ అసలు స్కాన్ కూడా దగ్గరగా చూసింది. "ఈ అంచున వేసిన ఎరుపు తప్పు. అది ఎముక నీడ, ఈ ప్రోగ్రాంకి తేడా తెలియలేదు. మిగతాది నాకూ అలాగే కనబడుతోంది. పచ్చ చాలా ఉంది. తొడ దగ్గర రక్తనాళంలోంచి తీగ పంపి గడ్డ లాగేస్తాం."

తల్లి చూపు మాత్రం ఎరుపు మీదే ఉంది.

గడ్డ బయటికి వచ్చింది. ఆయన బతికాడు. మర్నాడు వరండాలో ఆవిడ డాక్టరమ్మకు అడ్డంగా నిలబడింది. "పొద్దున్నే తీసుకొస్తే ఆ ఎర్రది తగ్గేదా అమ్మా?"

డాక్టరమ్మ ఆవిడని పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టింది. "తగ్గి ఉండొచ్చు. నిద్రలోనే వచ్చి, మీరు టీ తెచ్చేసరికే అంత పాడై ఉండొచ్చు కూడా. అది కంప్యూటరూ చెప్పలేదు, నేనూ చెప్పలేను. మీ మనసు కోసం అబద్ధం ఆడలేనమ్మా."

వారాలు గడిచాయి. కాలు నిలిచింది, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మాట మాత్రం ఒక్కటే మిగిలింది: "కాదు." అన్నం పెట్టనా అంటే కాదంటాడు, పెడితే కంచం ఖాళీ చేస్తాడు. నాన్న ఇప్పుడే అసలు రంగు బయటపెట్టాడని కూతురు నవ్వితే, ఆయనా సగం నోటితో నవ్వాడు.

ఒక మధ్యాహ్నం ఆయన కుడిచేతికి నూనె రాస్తూ, ఆవిడ తలెత్తకుండా అంది. "ఆరోజు మీరు అలిగారనుకుని వదిలేశాను."

ఆయన చాలాసేపు ఆవిడ ముఖం చూశాడు. "కాదు" అన్నాడు.

ఏది కాదో ఆవిడకు తెలియలేదు. అడిగినా ఆ మాటే వస్తుంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే చాపుతూ నూనె రాస్తూ ఉండిపోయింది.