పిన్నిగారికిచ్చిన తాళం

తోస్తే రాలేదు. భుజంతో గుద్దితే రాలేదు. కాలితో తంతే తలుపు కిమ్మనలేదు గానీ, తన్నినాయన మాత్రం కుయ్యోమన్నాడు.

"బొటనవేలు!" అంటూ ఒంటికాలి మీద వరండా అంతా గెంతాడు.

"మీ వేలు సంగతి తర్వాత. లోపల గౌనుంది!" అంది భార్య.

ఆవిడ దర్జీ. లోపలున్నది పెళ్ళి గౌను. మధ్యాహ్నమే పెళ్ళి. పెళ్ళికూతురు దారిలో ఇక్కడ ఆగి, గౌను పట్టుకుని అటే వెళ్తుంది. కొత్త వీధిలో దర్జీకి ఇదే మొదటి బేరం. ఇది చెడిందంటే ఇక బొత్తం కుట్టమని కూడా ఎవరూ గడప తొక్కరు.

నిన్ననే దిగారు ఈ మేడమీది ఇంట్లోకి. ముందున్నవాళ్ళ తాళంచెవులు ఎవరెవరి జేబుల్లో ఉన్నాయో దేవుడికెరుక. అందుకే పొద్దున్నే ఆయన దగ్గరుండి కొత్త తాళం బిగించుకున్నాడు. తలుపు మూస్తే చాలు, దానంతటదే పడిపోయే రకం. దాని సత్తా చూపిస్తానని పెళ్ళాన్నీ చెల్లెల్నీ బయట నిలబెట్టి, తనూ బయటికొచ్చి, తలుపు లాగాడు.

టక్.

సత్తా బాగానే ఉంది.

ఒక తాళంచెవి లోపల కుట్టుమిషను మీద ఉంది. రెండోది పక్కింటి పిన్నిగారి దగ్గర ఉండాలి.

"పొద్దున చెప్పాను కదా, తాళం పిన్నిగారికి ఇచ్చిరమ్మని. ఇచ్చారా?"

"ఇవ్వమన్నావు. ఇచ్చాను."

దర్జీ ఊపిరి పీల్చుకుని పక్క తలుపు బాదింది.

"భద్రంగా ఉందమ్మాయ్!" అంది పిన్నిగారు నవ్వుతూ. "ఎంత భద్రంగా దాచానంటే, దొంగలు కాదు, దొంగల తాతలొచ్చినా దొరకదు."

"మీకు దొరుకుతుందా పిన్నిగారూ?"

పిన్నిగారి నవ్వు ఆగిపోయింది.

అక్కడితో ఆడపడుచు రంగంలోకి దిగింది. ఆమెది బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. ఎదుటివాడు తుమ్మినా అనుమానిస్తుంది.

"ఆఖరుసారి ఎప్పుడు చూశారు? పక్కన ఎవరున్నారు? ఆ సంచి ఒకసారి ఇలా ఇవ్వండి."

"అది నా మందుల సంచీ!"

"అందరూ అదే అంటారండీ."

పిండి డబ్బాలో చేతులు పెట్టారు. దిండ్లు దులిపారు. చెప్పులు తలకిందులు చేశారు. దర్జీ ఫోను మోగింది.

"మీ వీధి మలుపు తిరుగుతున్నామండీ," అంది పెళ్ళికూతురు.

సరిగ్గా అప్పుడే ఉల్లిపాయల బుట్ట అడుగున చేతిరుమాలు మూట దొరికింది. దర్జీ ఆత్రంగా ముడి విప్పింది.

లోపల పిడికిలంత ఇనప తాళం. తుప్పు పట్టి ఉంది.

"ఇదేంటి?"

"తాళం," అన్నాడాయన. "పాతది. పొద్దున తలుపు నుంచి పీకేసింది."

"నేను తాళం ఇవ్వమన్నాను!"

"ఇచ్చానుగా. నీకు కావలసింది తాళంచెవి అయితే, తాళంచెవి అనాలి."

ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఇంటికొచ్చాక మనుషుల్ని దిద్దుతాడు. "ఊరొచ్చింది, దిగండి" అంటే, "ఊరు రాలేదు, మనమొచ్చాం" అనే బాపతు.

"లోకమంతా దాన్ని తాళమే అంటుందండీ!"

"లోకానిది తప్పు."

"మరి రెండో తాళంచెవి?" అంది ఆడపడుచు.

"మొదటిదాని పక్కనే. కుట్టుమిషను మీద."

"నేను మాత్రం ఏమనుకున్నాను బాబూ?" అంది పిన్నిగారు. "కొత్తగా దిగారు, ఇదేదో మీ ఇంటి ఆనవాయితీ కాబోలనుకున్నా."

కింద కారు ఆగింది. పెళ్ళికూతురు దిగింది.

పిన్నిగారి బాల్కనీ పక్కనే దర్జీ కిటికీ. తెరిచే ఉంది. కర్టెన్ రాడ్డుకి తెల్లటి గౌను వేలాడుతోంది. దర్జీ బాల్కనీలోకి ఉరికింది. బట్టలారేసే కర్ర అందుకుని పిట్టగోడ మీదికి వంగింది. ఆమె నడుముని ఆడపడుచు పట్టుకుంది. ఆడపడుచు నడుముని అన్నయ్య పట్టుకున్నాడు. అతని చొక్కా పట్టుకుని పిన్నిగారు కళ్ళు మూసుకుంది.

"కాస్త ముందుకి... వదినా, బరువెక్కావు!"

"నోర్మూసుకుని పట్టుకో!"

కర్ర కొస హ్యాంగరుకి తగులుకుంది. గౌను కిటికీ దాటింది. అంతలో గాలి కొట్టింది. గౌను గొడుగులా ఉబ్బి, కర్రని వదిలేసి, వీధిలోకి తేలిపోయింది. పెళ్ళికూతురు చేతులు చాచింది. గౌను సరాసరి ఆమె తల మీద దిగింది.

తెల్లబట్టలోంచి ఒక చెయ్యి వచ్చింది. తర్వాత ఇంకో చెయ్యి. తర్వాత ఎర్రబడిన మొహం. మరక లేదు, చిరుగు లేదు.

"కుట్టు అద్భుతంగా ఉందండీ!" అని పైకి అరిచింది పెళ్ళికూతురు. "మా చెల్లెళ్ళిద్దరి గౌన్లూ మీకే ఇద్దామనుకున్నా. కానీ నా పెళ్ళి గౌను వీధిలోకి విసిరేస్తారా? ఎవరి నిర్వాకం ఇది? మీదే అయితే ఇంకో దర్జీని చూసుకుంటా!"

ఆయన భార్య చెవి దగ్గర గుసగుసలాడాడు. "'తాళం పడిపోయింది' అను, చాలు. ఆ వాక్యంలో ఎవరు వేశారో తేలదు."

దర్జీ ఆయన వైపు చూసింది. తర్వాత పిట్టగోడ మీదికి వంగి, వీధి ఆ చివరిదాకా వినపడేలా అరిచింది.

"కర్త, కర్మ, క్రియ, మూడూ మా ఆయనేనమ్మా!"